మా అమ్మ చెప్పని కృతజ్ఞత

నేను ఇంగ్లీషును ప్రేమించి నేర్చుకోలేదు, పగబట్టి నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ భాష చెప్పుకుని బతికిన టీచరు అనవలసిన మాట కాదిది. అయితే ఉద్యోగం దిగిపోయి, మోకాళ్ళు పట్టేసి, ఉప్పూ తీపీ రెండూ డాక్టరు మాన్పించేసిన వయసులో ఇంకా మర్యాద కోసం అబద్ధాలాడడం నా వల్ల కాదు. నన్ను మెత్తటి మనిషి అనుకునేవాళ్ళు నంద్యాలలో చాలామందే ఉన్నారు. ఇది చదివి వాళ్ళు మనసు మార్చుకుంటే నాకేమీ బాధ లేదు.

నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో వారానికి మూడు రోజులు, పొద్దున పూట, ఒక చిన్న క్లాసు నడుపుతున్నాను. విదేశీ సహాయ సంస్థల్లో ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు వస్తారు. కరువు, వరద, జబ్బు అన్నీ వాళ్ళకు తెలిసినవే. వాటి గురించి ఆ సంస్థలవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు మాత్రం తెలియదు. రిలీఫ్ అంటే ఈ పూటకు ఆదుకోవడం, రీహాబిలిటేషన్ అంటే మళ్ళీ కాళ్ళమీద నిలబెట్టడం, డోనర్ అంటే ఎక్కడో కూర్చుని ఇచ్చేవాడు, ఫీల్డ్ విజిట్ అంటే ఆ ఇచ్చింది చేరిందో లేదో చూడడానికి రావడం అని బోర్డు మీద రాసి చెబుతాను. వల్నరబుల్ అనే మాట దగ్గర అందరికీ నాలుక తడబడుతుంది. దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో వాళ్ళు అని చెబితే వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ అలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారు. బెనిఫిషియరీ, అంటే లబ్ధిదారు, అనే మాట మాత్రం నాకు నచ్చదు. ఆ మాటతో పిలిచే మనిషి పేరు ఎవరూ అడగరు.

దుబాసీ పని కూడా నేర్పుతాను. అందులో ఒక పద్ధతి ఉంది. మాట్లాడే మనిషి 'నేను' అంటే మనమూ 'నేను' అనే చెప్పాలి. 'ఆయన ఇలా అంటున్నారు' అని మధ్యలో దూరకూడదు. మన కోపం, మన జాలి చిటికెడు కూడా కలపకూడదు. ఈ పద్ధతిని నా అంత కచ్చితంగా చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకొకరు లేరని నా శిష్యురాలు నూర్జహాన్ అంటూ ఉంటుంది. ఆ పిల్ల నా దగ్గర చదువుకుని అలాంటి ఒక సంస్థలో చేరింది. పోయిన చలికాలం ఒక రోజు క్లాసు మధ్యలో స్కూటీ ఆపి లోపలికి వచ్చింది.

"మేడమ్, మా ఆఫీసోళ్ళు ఆళ్ళగడ్డలో సెంటర్ తెరుస్తాండారు. రాళ్ళు చెక్కేటోళ్ళకు ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తారు. మా పెద్ద మేడమ్ ఫారిన్ నుంచి వస్తాంది. ఆమెకు తెలుగు ముక్క రాదు. మీరొచ్చి చెప్పాల."

"వస్తా లే పాపా. సెంటర్‌కు ఏం పేరు పెడతాండారు?"

"రత్నం సార్ పేరు అనుకుంటాండారు మేడమ్. వరదలప్పుడు మా సంస్థకు మొట్టమొదట పని చేసింది ఆయనే కదా. ఇంకా ఖాయం చేయలేదు. పెద్ద మేడమ్ ఆ పొద్దు ఆయన మాటలు విని చెప్తాదంట."

నేను వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. తిరిగి వచ్చి, తప్పకుండా వస్తానని చెప్పు అన్నాను. ఆ రోజు ఇంక పాఠం సాగలేదు.

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా వీధిలో అందరికంటే ముందు లేచేది కొలిమి. నాయన తిత్తి ఊది, ముందురోజు మొద్దుబారిన ఉలులన్నీ ఎర్రగా కాల్చి, మొనలు సాగగొట్టి నీళ్ళలో ముంచేవాడు. ఆ చుర్రుమనే చప్పుడుకే నాకు మెలకువ. కాలిన ఇనుము వాసన, బొగ్గు వాసన, వెనకనుంచి అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన కలిసి ముక్కుకు తగిలితేనే తెల్లవారినట్టు. అమ్మ చీపురు పట్టేముందు వాకిలంతా నీళ్ళు చల్లేది, రాతిదుమ్ము లేవకుండా. ఎంత చల్లినా లేచేది. తలలో, పప్పులో, దుప్పటి మడతల్లో, నా నోటుపుస్తకం కాగితాల మధ్య అంతా అదే. బలపంతో రాస్తే వచ్చే వాసన ఉంటుందే, మా ఇంటి వాసన అచ్చం అది. నాయన రోజంతా వంగి కూర్చుని చెక్కేవాడు. విగ్రహానికి ముఖం తీసేటప్పుడు ఎవరినీ పలకరించనిచ్చేవాడు కాదు. మాట్లాడితే చెయ్యి వంకర పోతాదనేవాడు. సాయంత్రం ఉలి కింద పెట్టగానే అమ్మ ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేది. బెల్లం తింటే గొంతులో దుమ్ము దిగిపోతుందని మా వాళ్ళ నమ్మకం. వీధిలోని మగవాళ్ళంతా అరుగుల మీద చేరి బెల్లం చప్పరిస్తూ, దగ్గుతూ, ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. దగ్గు ముదిరినవాణ్ణి చూసి "వానికి రాయి పట్టింది" అనేవాళ్ళు, దయ్యం పట్టింది అన్నట్టే. రాయి పట్టినవాడు తలవెంట్రుకలు నెరిసేదాకా బతికిన సంగతి నాకు గుర్తు లేదు.

రత్నం సార్ మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఊళ్ళో ఇంగ్లీషులో గడగడా మాట్లాడగలిగిన మనిషి ఆయన ఒక్కడే. నేను ఆయనకు ముద్దుల శిష్యురాలిని. రాళ్ళు కొట్టేవాడి కూతురికి ఇంత చక్కటి దస్తూరీ ఎట్లా వచ్చిందని నా పుస్తకం క్లాసంతా తిప్పి చూపించేవాడు. ఆయన ఏం చెబితే అది వేదం. 'గ్రేట్‌ఫుల్' అంటే కృతజ్ఞత గలవాడు అని చెప్పి, 'నేను మా గురువుకు గ్రేట్‌ఫుల్' అని అందరిచేతా పైకి అనిపించాడు. అది వాన మొదలుకావడానికి కొద్ది రోజుల ముందు.

ఆ ఏడు వాగు పొంగింది. మా వీధిలో మట్టిగోడలు నాని నాని కూర్చుండిపోయాయి. సగం చెక్కిన దేవుళ్ళు ఛాతీ దాకా బురదలో కూరుకుపోయి మిగిలారు. మేమంతా బడిలో తలదాచుకున్నాం. నేను పద్యాలు అప్పజెప్పిన గదిలోనే అమ్మ మూడు రాళ్ళు పెట్టి సంగటి కెలికింది. అప్పుడే ఆ విదేశీ సంస్థవాళ్ళు వచ్చారు. దుప్పట్లు, మందులు, ఒక డాక్టరు, కర్నూలు పెద్దాసుపత్రికి జబ్బుమనుషులను తీసుకుపోయే తెల్లటి వ్యాను. వాళ్ళకు తెలుగు రాదు, మాకు ఇంగ్లీషు రాదు, కాబట్టి రత్నం సార్ మా అందరికీ నోరయ్యాడు. వ్యానులో ఎవరు ఎక్కాలో రాసే కాగితం కూడా ఆయన చేతికే పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అనలేదు.

తడికీ చలికీ నాయన దగ్గు ముదిరి నెత్తురు పడడం మొదలైంది. అమ్మ రెండుసార్లు రత్నం సార్ దగ్గరికి వెళ్ళింది. జాబితా నిండిపోయిందమ్మా, తర్వాత చూద్దాం అన్నాడు. వ్యాను రోజూ మా ముందు నుంచే పోయేది. అందులో ఆయన మేనత్త కళ్ళ పరీక్షకు పోయింది. ఆయన బావమరిది పంటి నొప్పికి పోయాడు. అమ్మ అన్నీ చూసింది. ఒక పొద్దున ఆ సంస్థ దొరసాని ఫీల్డ్ విజిట్‌కు బడికి వచ్చినప్పుడు అమ్మ జనాన్ని తోసుకుని ముందుకు పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నేను అమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"అమ్మా, నాకు దుప్పట్లొద్దు, గింజలొద్దు. నా మొగుడు దగ్గితే నెత్తురు పడతాంది. మీ బండి కర్నూలుకు పోతాంది కదా, ఆయప్పను ఎక్కించుకోని పోండి. నాకు సీటొద్దు, నేను ఎట్లనో ఒకట్ల నడిచొస్తా. ఆ బండిలో పోయేటోళ్ళకు జబ్బుల్లేవు తల్లీ, వాళ్ళంతా ఈ సార్ చుట్టాలు" అంటూ అమ్మ ఏడ్చింది.

దొరసాని రత్నం సార్ వైపు చూసింది. ఆయన తడుముకోలేదు. ఆమె మీకు చాలా గ్రేట్‌ఫుల్ మేడమ్, మీ సంస్థ చల్లగా ఉండాలని దేవుణ్ణి ప్రార్థిస్తోంది అని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఆ వాక్యంలో సగం మాటలు అర్థం కాలేదు గానీ, గ్రేట్‌ఫుల్ అర్థమైంది. దొరసాని కళ్ళు చెమ్మగిల్లాయి. అమ్మ చేతులు గట్టిగా నొక్కి, తల ఊపి, నవ్వింది. అమ్మ దాన్ని సరే అన్నట్టు తీసుకుంది. ఇంతకంటే ఆమె ఎలా తీసుకుంటుంది?

మర్నాడు పొద్దున్నే అమ్మ నాయనకు ఉన్నదాంట్లో మంచి చొక్కా తొడిగి, సంగటిముద్ద మూటగట్టి, రోడ్డు మలుపు దగ్గరకు నడిపించుకుపోయింది. ఇద్దరూ ఒక రాతిదిమ్మె మీద కూర్చున్నారు. వ్యాను వచ్చింది, పోయింది. పొరపాటున ఆపలేదేమో, రేపు ఆపుతారని అమ్మ అంది. రెండో రోజూ పోయింది. మూడో రోజు అమ్మ దారి మధ్యకు పోయి చెయ్యెత్తితే డ్రైవరు పక్కకు తిప్పుకుని వెళ్ళాడు. నాయన "పద ఓబుళమ్మా, మనకు చెప్పినట్టు చేసేదానికి వాళ్ళేమన్నా మన చుట్టాలా" అని లేచాడు. ఆ మూడు రోజులూ నేను నోరు తెరవలేదు. సార్ తప్పు చెప్పడని నమ్మానో, నేను బయటపెడితే నా పుస్తకం మళ్ళీ ఎవరికీ చూపించడని భయపడ్డానో, ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. రెండూ అయ్యుంటాయి.

ఉగాది రాకముందే నాయన పోయాడు. పెద్దకర్మ అయ్యాక, అమ్మ దేనికో ఆ దొరసానిని తిట్టిపోస్తుంటే ఉండబట్టలేక జరిగింది చెప్పాను. అమ్మ ఏడవలేదు, కొట్టలేదు. "నీకు తెలిసీ ఊరకుంటివా పాపా?" అంది. అంతే. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి అన్నా ఆ మాట నాకు చాలినంత తగిలింది. ఆ మర్నాటి నుంచి ఇంగ్లీషు చదివాను. కిరాణాకొట్టు పొట్లాల కాగితాలు, పాత డిక్షనరీ, బస్టాండులో రేడియో వార్తలు, ఏది దొరికితే అది. ఏదో ఒక రోజు రత్నం సార్ ఉన్నచోటే నిలబడి, ఆయన కంటే బాగా మాట్లాడాలి. నా ఉద్యోగానికీ, నాకు వచ్చిన మంచి పేరుకూ వెనక ఉన్న కోరిక ఇంతే.

ఆ మధ్యలో రత్నం సార్ పెద్దవాడయ్యాడు. బడి మానేసి సంస్థలోనే పెద్ద పదవికి ఎదిగాడు. ఊరూరా శాలువాలు. పెళ్ళిళ్ళలో కనబడితే నా తల నిమిరి, "ఈ పాప నా స్టూడెంటు, నా దగ్గరే నేర్చుకునింది" అని పదిమందికి చూపించేవాడు. నేను నమస్కారం పెట్టేదాన్ని. ఏ రాళ్ళు కొట్టేవాడి కూతుర్నో ఆయన మర్చిపోయాడు. ఆళ్ళగడ్డలో అలాంటి కూతుళ్ళం చాలామందిమి.

సెంటర్ తెరిచే రోజు నంద్యాల నుంచి పొద్దున బస్సుకే వెళ్ళాను. ఫంక్షన్ హాలు నిండా మా వీధివాళ్ళు. ముందు వరసలో ముసలమ్మలు, సగానికి పైగా విధవలు. మూడో వరసలో నూర్జహాన్, నా క్లాసు పిల్లలు. ఇప్పుడు ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు తగ్గింది. కరెంటు కోత మిషన్లు వచ్చాయి. పని తొందరగా అవుతుంది, దుమ్ము నాలుగింతలు లేస్తుంది. కుర్రవాళ్ళు ముఖానికి మాస్కులు కట్టుకుంటారు, సగం రోజు మెడకే వేలాడుతుంటాయి. అప్పుడు మమ్మల్ని చూడడానికి వచ్చినావిడ ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు వచ్చిన పెద్ద మేడమ్ నా కూతురంత అమ్మాయి, చిన్న పుస్తకం పట్టుకుని కనబడిన ప్రతి మనిషినీ పేరు అడిగి రాసుకుంటోంది. రోజులు కొంచెం మారాయని ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది.

రత్నం సార్ కర్ర ఊతంతో మైకు దగ్గరకు వచ్చాడు. జనానికి తెలియాలని తెలుగులో మాట్లాడాడు. ఒక్కో మాట ఆయన ఆపగానే నేను ఇంగ్లీషులో చెప్పాలి. మొదటి నాలుగు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. నిజం చెప్పాలంటే, ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు ఏం చేయాలో నాకే తెలియదు. తర్వాత ఆయన గొంతు తగ్గించి ఇలా అన్నాడు:

"ఆ పొద్దు ఒకామె వచ్చి మా దొరసానమ్మ చేతులు పట్టుకోని బోరుమని ఏడ్చింది. మీ మేలు ఈ జన్మలో మర్చిపోము తల్లీ అనింది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్తాంటే నా కండ్లల్లో కూడా నీళ్ళొచ్చినాయి."

ఒళ్ళంతా మండింది. చేసింది చాలక, మా అమ్మ కన్నీళ్ళను ఇన్నేళ్ళూ శాలువాలకు వాడుకున్నాడన్నమాట! నేను మైకు దగ్గరకు లాక్కుని, నేను నేర్పే పద్ధతి ప్రకారం, ఆయన 'నేను'ను నా నోట పెట్టుకుని, ఇంగ్లీషులో తీరిగ్గా చెప్పాను. ఆ పొద్దు ఒకామె వచ్చి మా మేడమ్ చేతులు పట్టుకుని ఏడ్చింది. నెత్తురు కక్కుతున్న తన భర్తను మా వ్యానులో ఆసుపత్రికి తీసుకుపొమ్మని అడిగింది. సీట్లన్నీ నేను మా చుట్టాలకు ఇచ్చుకున్నాను. అందుకని ఆమె కృతజ్ఞతలు చెబుతోందని మేడమ్‌కు అబద్ధం చెప్పాను. వాళ్ళు మూడు రోజులు దారిలో కాచుకున్నారు. ఆ మనిషి చచ్చిపోయాడు.

జనం చప్పట్లు కొట్టారు. నేను ఇంగ్లీషులో ఏం చెప్పినా కొడుతూనే ఉన్నారు మరి. రత్నం సార్ మాత్రం కొయ్యబారిపోయాడు. హాల్లో నా మాట నూటికి నూరుపాళ్ళు అర్థమైన ముసలివాడు ఆయన ఒక్కడే. ఇంగ్లీషులో కాదన్నా, ఏది కాదంటున్నాడో ఆయనే ఆ జనానికి తెలుగులో చెప్పాల్సి వస్తుంది. మూడో వరసలో పిల్లల తలలు లేచాయి. ఆ విదేశీ అమ్మాయి రాసుకోవడం ఆపి, సూటిగా ఆయన్నే ఇంగ్లీషులో అడిగింది, ఆమె పేరేమిటి అని. ఆయన తల అడ్డంగా ఊపి, గుర్తు లేదన్నాడు.

"ఏం అడుగుతాంది మే ఆ పాప?" అని ముందు వరసలోంచి ఒక ముసలమ్మ కేకేసింది.

"ఆ ఏడ్చినామె పేరేందని అడుగుతాంది అవ్వా. సార్‌కు గుర్తు లేదంట. ఓబుళమ్మ. శిల్పి వీరాచారి పెండ్లాం. మా అమ్మ" అని మైకులోనే చెప్పాను.

"ఓబుళమ్మనా! ఓబుళమ్మ మేలు మర్చిపోము అనిందా? యాడిది? బండి వస్తాదని మొగుణ్ణి పెట్టుకోని మూడు దినాలు మలుపుకాడ కూర్చోలేదా? నేనే కదా నీళ్ళు తెచ్చిచ్చింది! ఆపినారా బండి?" అని ఆ ముసలమ్మ లేచి నిలబడింది. పక్కనున్నావిడ ఇంకో మాట అందుకుంది. ఆ బండిలో ఎవరెవరు పోయారో వాళ్ళకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. రత్నం సార్ నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ముసలమ్మలు అన్నవన్నీ నేను ఆ అమ్మాయికి ఒక్కటి కలపకుండా, ఒక్కటి తీయకుండా చెప్పాను. చివరికి ఆమె లేచి, సెంటర్‌కు ఎవరి పేరూ ఉండదనీ, ఊరి పేరే ఉంటుందనీ చెప్పింది. అది తెలుగులోకి తిప్పేటప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

కిందికి దిగాక నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుంది. "మేడమ్, మన మాట కలపగూడదని మీరే కదా చెప్పినారు?"

"చెప్పినా పాపా. మీరట్లే చేయండి" అన్నాను.

నాకు పశ్చాత్తాపం ఉందా అని ఎవరైనా అడిగితే, లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆయన చెప్పుకోలేకపోయాడు, నేను చెప్పిపెట్టాను. ముసలివాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగావు, నీకు ఏం ఒరిగింది అంటే, ఏమీ ఒరగలేదు. నాయన తిరిగి రాలేదు. అమ్మ ఇది వినడానికి లేదు. ఉండి ఉంటే ఆమెకు మొదట చెప్పవలసిన మాట, ఈసారి ఊరకుండలేదమ్మా అని.

కారు కోసం మెట్ల దగ్గర నిలబడ్డ రత్నం సార్ నన్ను చూసి కర్ర చప్పుడు చేసుకుంటూ దగ్గరకు వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చిన్నప్పుడు పాఠం చెప్పిన ఆ మెత్తటి గొంతుతోనే అన్నాడు:

"నేననింది అది కాదు కదమ్మా."

"మా అమ్మ అనింది కూడా అది కాదు సార్" అన్నాను.